హోటలు ఇచ్చే కానుక గది అద్దెను తీరుస్తుందా?

ప్రయాణికునికి మూడు ఖర్చులు తప్పవు: దారి ఖర్చు, తిండి ఖర్చు, తలదాచుకునే చోటి ఖర్చు. దారి ఖర్చును బస్సు మారి, రైలు మారి కొంత తగ్గించుకోవచ్చు. తిండి ఖర్చును ఇంటి నుండి సద్ది కట్టుకొని పోయి తగ్గించుకోవచ్చు. మూడవదానికి మాత్రం అంత వెసులుబాటు లేదు. పరాయి ఊరిలో చీకటి పడ్డాక ఎంత చెప్పితే అంత ఇచ్చి గది తీసుకోవలసి వస్తుంది. ఈ కారణం వల్లనే, గది అద్దెను తగ్గిస్తామని ఎవరు చెప్పినా ప్రయాణికుడు చెవి ఒగ్గి వింటాడు.

పెద్ద హోటలు సంస్థలు నేడు ఆ మాటే చెబుతున్నాయి. తమ హోటళ్ళలో మళ్ళీ మళ్ళీ బస చేసేవారికి సభ్యత్వం ఇచ్చి, బస చేసిన రాత్రులను లెక్కగట్టి, వెండి, బంగారం, ప్లాటినం అనే పేర్లతో హోదాలు కల్పిస్తున్నాయి. హోదా గలవారికి ఉదయపు నాస్తా ఉచితం. మధ్యాహ్నం తరువాత కూడా గదిలో ఉండే వీలు. ఖాళీ ఉంటే పెద్ద గది. ఖర్చు చేసిన ప్రతి రూపాయికి కొన్ని పాయింట్లు. దీనినే లాయల్టీ సభ్యత్వం అంటున్నారు. ఇవన్నీ కూడితే గది అద్దె తిరిగి వచ్చినట్టేనని కొందరి వాదన. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి వైద్యానికి, వ్యాపారానికి, ఉద్యోగానికి, ఉమ్రాకు బయలుదేరే మనిషి విషయంలో ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పద్ధతి ఎలా మొదలైంది?

కొన్నవానికి కొసరు ఇవ్వడం వర్తకంలో కొత్త కాదు. అమెరికాలో 1896 నుండి స్పెర్రీ అండ్ హచిన్సన్ సంస్థ ఆకుపచ్చ స్టాంపులు అచ్చువేసి దుకాణదారులకు అమ్మేది. దుకాణదారు వాటిని గిరాకీకి ఇచ్చేవాడు. గిరాకీ వాటిని పుస్తకంలో అంటించి, నిండిన తరువాత ఏదో ఒక వస్తువు తీసుకొనేవాడు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ప్రయాణించిన మైళ్ళను లెక్కించి ఉచిత టిక్కెట్టు ఇచ్చే పథకం పెట్టింది. రెండేళ్ళకు, 1983లో, హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే దారి పట్టాయి.

హోటలు యజమానికి ఇందులో నష్టం ఎందుకు లేదో తెలుసుకోవాలి. బియ్యం బస్తా ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. గది అట్లా కాదు. తెల్లవారితే ఆ రాత్రి కిరాయి పోయినట్టే, మళ్ళీ రాదు. ఎట్లాగూ ఖాళీగా ఉండే పెద్ద గదిని పాత గిరాకీకి ఇస్తే యజమానికి పడే అదనపు ఖర్చు దుప్పట్ల ఉతుకుడు, కరెంటు మాత్రమే. అందుకున్నవానికి మాత్రం అది రెండు వేల రూపాయల కానుకగా తోస్తుంది. ఇచ్చేవానికి కొంచెం, పుచ్చుకొనేవాని కంటికి ఎక్కువ: ఈ పథకాల బలమంతా ఈ తేడాలోనే ఉన్నది. కాబట్టి కానుక విలువ ఎంత అని అడిగినప్పుడు, ఎవరి లెక్కలో అనే రెండవ ప్రశ్న కూడా అడగాలి.

హోదాకు చేరేది ఎవరు?

2025 నాటి నిబంధనలను చూస్తే, మారియట్ సంస్థలో ఏడాదికి 10 రాత్రులకు వెండి, 25 రాత్రులకు బంగారం, 50 రాత్రులకు ప్లాటినం హోదా వస్తుంది. ఫ్రాన్సుకు చెందిన అకోర్ సంస్థలో ఇవే హోదాలకు 10, 30, 60 రాత్రులు కావాలి. లేదా ఆ మేరకు డబ్బు ఖర్చు కావాలి. మొదటి మెట్టులో దొరికేది స్వల్పం. నాస్తా వంటి చెప్పుకోదగిన సౌకర్యాలు సాధారణంగా పై మెట్లలో ఉంటాయి. ఒకసారి వచ్చిన హోదా శాశ్వతం కాదు. మరుసటి ఏడాది గడిచేలోగా మళ్ళీ అన్ని రాత్రులూ పూర్తి చేయాలి. పాయింట్లకూ గడువు ఉన్నది: కదలిక లేని ఖాతాలో అవి అకోర్‌లో 365 రోజులకు, మారియట్‌లో 24 నెలలకు రద్దవుతాయి.

జగిత్యాలలోనో, నిర్మల్‌లోనో ఉన్న ఒక మధ్యతరగతి కుటుంబం ఏడాదికి ఎన్ని రాత్రులు హోటలులో గడుపుతుంది? ఆసుపత్రి పనికి రెండు, పెళ్ళికో పరీక్షకో ఇంకో రెండు అనుకుందాం. హైదరాబాదులో బంధువుల ఇల్లు ఉంటే అవీ ఉండవు. నాలుగు రాత్రుల వారు పది రాత్రుల మొదటి మెట్టును కూడా ఎక్కలేరు. యాభై రాత్రుల మెట్టు వారికి పన్నెండేళ్ళ ప్రయాణాలకు సమానం; అయితే ప్రతి ఏడాది లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి, పన్నెండేళ్ళు తిరిగినా ఆ మెట్టు అందదు. గల్ఫ్ దేశాలలో కూలి పనికి పోయిన కోరుట్ల, మెట్‌పల్లి, ఖానాపూర్ ప్రాంతాల వేలాది మందికి కంపెనీ క్యాంపే నివాసం. హోటలు మెట్లు వారికి సంబంధించినవి కావు. కనుక ఈ హోదా సొంత సొమ్ముతో తిరిగే సామాన్యునికి కాక, పని మీద తరచు తిరిగేవారికీ, పెద్ద వ్యాపారులకూ చెందినది. ఈ సంగతి ముందు ముందు మరొక ముఖ్యమైన ప్రశ్నకు దారి తీస్తుంది.

రెండు పద్దుల లెక్క

హోదా ఉన్న ఒక వ్యాపారి మంచిర్యాల నుండి హైదరాబాదుకు వెళ్ళాడనుకుందాం. పెద్ద హోటలులో గది అద్దె 6,000 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జి.ఎస్.టి. 5 శాతం కాబట్టి పన్ను 300. మొత్తం 6,300.

హోటలు చూపించే పద్దు ఇలా ఉంటుంది: నాస్తా 700, ఆలస్యంగా ఖాళీ చేసే వీలు 1,500, పెద్ద గది 2,000, సాయంత్రపు పానీయాలు 800, పాయింట్లు 300. మొత్తం 5,300. అంటే గది వెయ్యి రూపాయలకే దొరికినట్టు కనబడుతుంది.

ఇప్పుడు వ్యాపారి తన పద్దు తాను వ్రాసుకోవాలి. ప్రతి సౌకర్యం ఎదుట ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఉచితంగా రాకపోతే దీని కోసం జేబులో నుండి ఎంత తీసి ఇచ్చేవాడిని? నాస్తా బయట వంద రూపాయలకు దొరికేది, కాబట్టి 100. రైలు సాయంత్రం ఉన్నది, అంతవరకు కూర్చోవడానికి స్టేషనులో విశ్రాంతి గదికో, మరో లాడ్జికో 400 ఇచ్చేవాడు, కాబట్టి 400. రైలు ఉదయమే ఉంటే ఇదీ సున్నా. పగలంతా బజారులో తిరిగి రాత్రి నిద్రకు వచ్చే మనిషికి పెద్ద గది సున్నా. సాయంత్రపు పానీయాలలో ఎక్కువ భాగం మద్యం; అది ముట్టనివానికి ఆ పద్దు పూర్తిగా సున్నా. పాయింట్లు 300, అదీ గడువులోగా వాడుకొంటేనే. మొత్తం 800. ఆ లెక్కన గది అతనికి 5,500కు పడింది.

అదే వ్యాపారి శుభ్రమైన మామూలు లాడ్జిలో 2,500 రూపాయల గది తీసుకుంటే పన్నుతో 2,625. రెండింటి మధ్య తేడా 2,875 రూపాయలు. హోదా వలన వచ్చినది అబద్ధం కాదు, 800 రూపాయల మేలు జరిగింది. కాని గది అద్దె తీరలేదు. పైగా ఆ 800 కోసం లాడ్జిని విడిచి పెద్ద హోటలుకు పోయి ఉంటే, మిగిలినదానికంటే మూడు రెట్లకు పైగా పోగొట్టుకున్నట్టు.

ఈ అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. ఎవరి అంకెలు వారు వేసుకోవచ్చు. పాయింట్ల పద్దు మాత్రం సంస్థ ప్రకటించిన నిబంధన మీదనే ఆధారపడింది. అకోర్ లెక్కలో 2,000 పాయింట్లు 40 యూరోలకు సమానం. హోదా లేని సభ్యునికి ఆ సంస్థ పెద్ద హోటళ్ళలో ప్రతి 10 యూరోలకు 25 పాయింట్లు, అనగా అర యూరో వస్తుంది. అది అద్దెలో 5 శాతం. చాలా గదులపై ప్రభుత్వం తీసుకొనే పన్ను కూడా 5 శాతమే. ఒక చేత వచ్చినది మరొక చేత పోయిందని చెప్పవచ్చు. పై హోదాలలో ఈ శాతం పెరుగుతుంది గాని, అద్దెను తీర్చేంతగా పెరగదు.

పన్ను విషయంలో మరొక మెలిక ఉన్నది. 7,500 దాటిన గదిపై పన్ను 18 శాతం. 7,500 రూపాయల గదికి పన్నుతో 7,875 అవుతుంది. వంద రూపాయలు ఎక్కువ ఇస్తే మంచి గది ఇస్తామన్నారని 7,600 గది తీసుకొంటే, పన్ను 1,368 కలిపి 8,968 అవుతుంది. వంద అనుకున్నది 1,093 అయింది. కౌంటరు దగ్గర ఇటువంటి మాట వినబడినప్పుడు, పన్నుతో కలిపి మొత్తం ఎంతని అడగడం మంచిది.

ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం?

హోదా ఎన్నడూ పనికిరాదని దీని అర్థం కాదు. రెండు హోటళ్ళ అద్దె సమానంగా ఉండి, రెండింటిలో ఒకదానిలో ఎట్లాగూ దిగవలసి ఉన్నప్పుడు, హోదా ఉన్న చోట దిగడం వివేకం. శస్త్రచికిత్స జరిగిన తల్లిని విడిచి బయటికి పోలేని కొడుకుకు హోటలు నాస్తా విలువ వంద కాదు. దాని కోసం అతడు నిజంగానే నాలుగైదు వందలు ఇచ్చేవాడు. రాత్రి విమానం ఎక్కవలసిన వృద్ధునికి సాయంత్రం దాకా గది ఉండడం చిన్న మేలు కాదు. అవసరం ఉన్నచోట కానుకకు ధర ఉంటుంది.

నష్టం వచ్చేది హోదా కోసమే రాత్రులు కొన్నప్పుడు. ఒకనికి ఏడాది చివర 26 రాత్రులు పూర్తి అయ్యాయి. 30 అయితే పై మెట్టు. పని లేకపోయినా నాలుగు రాత్రులు 6,300 చొప్పున 25,200 రూపాయలు పెట్టి పూర్తి చేశాడనుకుందాం. పాత మెట్టు కంటే కొత్త మెట్టులో అతనికి రాత్రికి నిజంగా కలిగే అదనపు మేలు 300 అయితే, మరుసటి ఏడాది 26 రాత్రులలో తిరిగి వచ్చేది 7,800 మాత్రమే. పెట్టిన సొమ్ము తీరడానికి 84 రాత్రులు కావాలి. అన్ని రాత్రులు ఇంటికి దూరంగా గడిపేవాడు ఆ నాలుగు రాత్రులు కొనవలసిన అవసరమే ఉండదు.

ఉమ్రా ప్రయాణికుని సంగతి

పాత రెండు జిల్లాల సామాన్య ముస్లిం కుటుంబానికి పెద్ద హోటలు సంస్థ పేరు మొదటిసారి కనబడేది తరచు మక్కాలోనే. హరం ఎదుట 2012లో పూర్తయిన గడియార స్తంభ సముదాయంలోని ఫెయిర్‌మాంట్, రాఫెల్స్, స్విస్సోటెల్ హోటళ్ళు 2016 నుండి అకోర్ సంస్థ నీడలో ఉన్నాయి. జబల్ ఉమర్ వైపు మారియట్, హిల్టన్ సంస్థల పేర్లు కనిపిస్తాయి. అక్కడ దిగితే పాయింట్లు వస్తాయని, వాటితో మరొక రాత్రి ఉచితమని ప్రచారం వినిపిస్తుంది.

ఇందులో ముందుగా తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. ఈ పథకాలలో రాత్రులు, పాయింట్లు జమ కావాలంటే సాధారణంగా హోటలు దగ్గర నేరుగా గది తీసుకోవాలి. ఏజెంటు జట్టు కోసం టోకున తీసుకున్న గదులు లెక్కలోకి రావు. కరీంనగర్ నుండో, ఆదిలాబాద్ నుండో వెళ్ళేవారిలో చాలామంది విమానం, వీసా, వసతి, భోజనం అన్నీ కలిపి ఏజెంటుకు ఒకే మొత్తం చెల్లిస్తారు. వారు ఎంత గొప్ప హోటలులో దిగినా ఖాతాలో ఏమీ పడకపోవచ్చు. పాయింట్లు వస్తాయని చెప్పి ఎక్కువ ధర అడిగిన ఏజెంటును, అవి ఎవరి పేర జమ అవుతాయని అడగాలి.

జట్టు ప్రయాణంలో అద్దె తగ్గడానికి కారణం వేరు. రాత్రికి 600 రియాళ్ళ గదిని నలుగురు పంచుకొంటే తలకు 150. ఒక్కడే ఆ గది తీసుకొని, హోదా వలన ఇద్దరి నాస్తా కింద 120 రియాళ్ళు మిగుల్చుకున్నా, అతనికి పడేది 480. గది పంచుకొన్న పేదవాడు హోదా గల ధనికుని కంటే మూడింట ఒక వంతు కంటే తక్కువ ఇచ్చాడు. రమజానులో ఉపవాసికి ఉదయపు నాస్తా అక్కరకు రాదు. ఇక చివరి పది రాత్రులలో అద్దెలు ఎంత పెరుగుతాయో వెళ్ళి వచ్చినవారికి తెలుసు. ఉచిత రాత్రులు దొరకడం అప్పుడే కష్టం. హరానికి దగ్గరగా ఉండడం వలన ముసలివారికి నడక తగ్గే మాట నిజమే. కాని ఆ మేలు గదిది, కార్డుది కాదు. దాని ధర అద్దెలోనే ఉన్నది.

ఊరి పేరే హోదా అయినప్పుడు

గది అద్దెను పూర్తిగా తీర్చిన హోదా ఒకటి ఈ జిల్లాల వారికి తెలుసు. అది రుబాత్. నిజాం పాలనాకాలంలో హైదరాబాదు రాజ్యపు హాజీల కోసం మక్కాలో ఇళ్ళు వక్ఫ్ చేయబడ్డాయి. ఆ రాజ్యం 1956లో మూడు రాష్ట్రాల మధ్య పంపకమైంది. 2016 అక్టోబరులో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు సైతం జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ మొదలైన జిల్లాలుగా విడిపోయాయి. అయినా రుబాత్ మాత్రం పాత సరిహద్దునే గుర్తు పెట్టుకున్నది: తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటకలోని పాత నిజాం జిల్లాల హాజీలు దానికి అర్హులు. గదుల కంటే కోరేవారు ఎక్కువ కావడం వలన హైదరాబాదులో ఖుర్రా, అనగా చీటీలు తీసి ఎంపిక చేస్తూ వచ్చారు. పేరు వచ్చినవారికి మక్కా వసతి ఖర్చు తప్పింది.

ఈ రెండు హోదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. హోటలు హోదాకు ఎక్కువ ఖర్చు చేసినవాడు ముందు. రుబాత్‌లో ఖర్చు అనే మాటే లేదు, చీటీ ముందర భూస్వామి, బీడీ కార్మికురాలి భర్త సమానం. గడియార స్తంభ సముదాయం కూడా రెండు పవిత్ర మస్జిదుల నిర్వహణ కోసం మలిక్ అబ్దుల్ అజీజ్ పేర ఉన్న వక్ఫే కావడం గమనార్హం. ఒక వక్ఫ్ అద్దె తీసుకొని ఆ ఆదాయాన్ని మస్జిదుకు ఇస్తుంది; మరొక వక్ఫ్ అద్దెనే వదిలేసి ప్రయాణికునికి ఇస్తుంది. దివ్యఖుర్ఆన్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారిని చేర్చింది. నాంపల్లి స్టేషను దగ్గరి నిజాం కాలపు సరాయి గాని, ఊరూరి ముసాఫిర్‌ఖానాలు గాని, ధర్మసత్రాలు గాని ఈ భావం నుండే పుట్టాయి: ప్రయాణికుడు గిరాకీ కాకముందు అతిథి.

కార్డు లేని పాత గిరాకీ

ఇక ఈ జిల్లాల పట్టణాలలో చిన్న లాడ్జీల సంగతి. ఆదిలాబాద్, జమ్మికుంట మార్కెట్లకు పత్తి కాలంలో కొనుగోలుదారులు వస్తారు. ఏటా వచ్చే మనిషిని లాడ్జి గుమాస్తా ముఖం చూసి గుర్తు పడతాడు. అతనికి కార్డు లేదు, పాయింట్లు లేవు. పాత గిరాకీ అని కిరాయిలో వంద, రెండు వందలు ముందే తగ్గిస్తాడు, గదులన్నీ నిండిన రోజు కూడా ఎక్కడో ఒక మంచం వేయిస్తాడు, సామాను పెట్టుకోనిస్తాడు. చూపుకు చిన్నదైనా ఈ మేలులో ఒక విశేషం ఉన్నది. తగ్గింపు ధరలోనే ఉన్నది, ధర చెల్లించిన తరువాత కాదు. అందులో లెక్క తప్పే అవకాశం లేదు. రెండు వందలు తగ్గితే రెండు వందలే మిగిలాయి. హోటలు కానుకను మనిషి తనకు నచ్చిన విలువ కట్టి మోసపోగలడు. తగ్గిన కిరాయికి ఎవరూ వేరే విలువ కట్టలేరు.

ధర్మశాస్త్రం ఏమంటుంది?

ధర్మశాస్త్రంలో గది అద్దె ఇజారా, అనగా ప్రయోజనాన్ని ధరకు ఇవ్వడం. ఇచ్చే ధర, పొందే ప్రయోజనం, గడువు మూడూ స్పష్టంగా ఉండాలి. కానుక హిబా, దానికి ప్రతిఫలం ఉండదు. ఉచితంగా వచ్చే హోదా, పాయింట్లు ఏ కోవలోకి వస్తాయి? అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2003 జనవరిలో దోహాలో జరిగిన 14వ సమావేశంలో ఈ ప్రశ్నను నేరుగా తీసుకున్నది. హోటళ్ళు, విమాన సంస్థలు మొదలైనవి ఇచ్చే పాయింట్ల కార్డుల ద్వారా ధర్మసమ్మతమైన సౌకర్యాలు పొందడం, కార్డు ఉచితంగా వచ్చినదైతే, సమ్మతమని చెప్పింది. కార్డు కోసమే సొమ్ము చెల్లిస్తే, అందులో గరర్, అనగా అనిశ్చితి ఉన్నందున సమ్మతం కాదని చెప్పింది.

ఈ తీర్మానం ధర్మానికి ఎంత దగ్గరో లెక్కకు కూడా అంత దగ్గర. ఏటా రుసుము కట్టి తీసుకొనే భోజన, బస సభ్యత్వాలు భారతదేశంలో ఉన్నాయి. బ్యాంకులు హోటలు సంస్థలతో కలిసి ఇచ్చే క్రెడిట్ కార్డులూ ఉన్నాయి. 2023లో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు అటువంటి కార్డును 3,000 రూపాయల వార్షిక రుసుముతో తెచ్చింది. ఎన్ని రాత్రులు దిగుతాడో తనకే తెలియని మనిషి ముందుగా రుసుము కడుతున్నాడు. తిరిగి వచ్చేది రుసుము కంటే ఎక్కువో తక్కువో ఏడాది చివరన గాని తెలియదు. ధర్మవేత్తలు అనిశ్చితి అన్నది దీనినే. క్రెడిట్ కార్డు బాకీ గడువు దాటితే వడ్డీ కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు నష్టం సొమ్ముతో ఆగదు.

ఎవరి సొమ్ము, ఎవరి పాయింట్లు?

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్న. సామాన్యుడు సొంత సొమ్ముతో ఈ హోదాకు చేరలేడని చూశాం. చేరినవారిలో చాలామంది కంపెనీ ఖర్చు మీదనో, ప్రభుత్వ ఖర్చు మీదనో తిరిగినవారు. బిల్లు కార్యాలయానిది, పాయింట్లు ఉద్యోగి పేర. అటువంటివానికి గది అద్దె నిజంగానే తీరిపోయినట్టు కనబడుతుంది, ఎందుకంటే అద్దె అతడు కట్టనే లేదు.

జకాత్ వసూలుకు పంపబడిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తి తిరిగి వచ్చి, కొంత సొమ్మును అప్పగించి, మిగిలినది తనకు కానుకగా వచ్చిందని చెప్పాడు. తల్లిదండ్రుల ఇంటిలో కూర్చొని ఉంటే ఆ కానుక అతని వద్దకు వచ్చి ఉండేదా అని దైవప్రవక్త (సఅసం) నిలదీశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఈ ఉదంతం ఉన్నది. పదవి వలన వచ్చినది పదవిదే గాని మనిషిది కాదనే సూత్రాన్ని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. భారత ప్రభుత్వ ఆర్థిక శాఖ కూడా 2017 నాటి ప్రయాణ భత్యం ఉత్తర్వులో ఇటువంటి నియమమే పెట్టింది: అధికార ప్రయాణపు విమాన టిక్కెట్లపై వచ్చిన మైలేజి పాయింట్లను అధికార ప్రయాణాలకే వాడాలి, సొంతానికి వాడుకొంటే శాఖాపరమైన చర్య తప్పదు.

ప్రైవేటు కంపెనీలలో కొన్ని ఆ పాయింట్లను ఉద్యోగికే వదిలేస్తాయి. యజమాని తెలిసి అనుమతించినప్పుడు అది యజమాని ఇచ్చిన కానుక అవుతుంది. అందులో దోషం లేదు. దోషం అంతా దాచడంలో ఉన్నది. 3,000 రూపాయల గది పనికి సరిపోతుండగా, తన హోదా కోసం కార్యాలయం చేత 6,000 కట్టించిన ఉద్యోగి, తాను 800 రూపాయల మేలు పొందడానికి అప్పగించిన సొమ్ములో 3,000 పోగొట్టాడు. ఇది దుబారా మాత్రమే కాదు, అమానత్‌లో ఖియానత్.

లెక్క ముగింపు

పరిశీలించిన విషయాలను మూడు ప్రశ్నలుగా కుదించవచ్చు. ఈ సౌకర్యం ఉచితంగా రాకపోతే దాని కోసం ఎంత ఇచ్చేవాడిని? దీని కోసం అవసరానికి మించిన అద్దె గాని, అవసరం లేని రాత్రి గాని, రుసుము గాని చెల్లించానా? చెల్లించిన సొమ్ము నాదేనా, కాకపోతే దాని యజమానికి ఈ సంగతి తెలుసా? మూడింటికీ తిన్నని జవాబు ఉన్నవాడు హోటలు ఇచ్చినదాన్ని సంతోషంగా తీసుకోవచ్చు. అది అద్దెలో కొంత భారం తగ్గిస్తుంది, అంతే.

గది నిర్ణయించేటప్పుడు అద్దెను పన్నుతో సహా చూసి, కానుకను పక్కన పెట్టి లెక్క వేయడమే క్షేమం. అప్పుడు గది ధరకు తగినదైతే తీసుకోవాలి. కానుకను కలిపితే తప్ప ధర కుదరని గది, కుదరని గదే. కానుక అద్దెకు ప్రత్యామ్నాయం కాదు. అద్దె కుదిరిన తరువాత వచ్చే కొసరు.